గోడ మీది పై గీత

ఏటి ఒడ్డున మూతపడ్డ పిండిమర చరిత్ర రాయడానికి వచ్చిన బడిపంతులు గోడ మీది గీతలు కొలిచాడు. "ఎంత వరద వస్తే అంత ఎత్తున గీత గీసేవారన్నమాట. పై గీతదే అన్నిటికంటే పెద్ద వరద," అని పైకే అనుకుంటూ రాసుకున్నాడు.

మర చూపిస్తున్న యజమాని కూతురు, డెబ్బై దాటిన ముసలమ్మ, భగ్గుమంది. "నీ మొహం! అంత వరదొస్తే ఊరు మిగిలేదా? కింది మూడూ వరదలే. ఆ పైది నేను! మర రాళ్లకు కక్కు కొట్టే ఉలితో నా పద్దెనిమిదో ఏట మా నాన్న నా ఎత్తు గీశాడు."

నమ్మకపోతే చూడమని గోడకు ఆనుకుని నిలబడింది. గీత ఆమె తలకు నాలుగు వేళ్లు పైన ఉంది. పంతులు వేలితో ఆ గీతను చూపించాడు.

ఆమె చేయెత్తి గీతను తడిమింది.

"పోనీలే నాయనా, వరదనే రాసుకో," అంది మెల్లగా. "తగ్గింది కదా."