తాడు పట్టినవాళ్ళ వాటా

మా మామగారు ఎల్లారావుగారికి పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, కుడిచెయ్యి మాత్రం ఆయన మాట వినడం మానేసింది. బందరు పక్కన గిలకలదిండిలో చిన్నప్పటినుంచీ వలలు లాగిన చెయ్యి అది. పని చెబుతూ ఉంటే మెల్లగా దారికొస్తుందని బెజవాడ సూర్యారావుపేట డాక్టరుగారు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. ఆయన ఆ బంతిని గోడ అవతలికి విసిరేశారు, అదీ ఎడమచేత్తో. ఆ తర్వాత కుడిచేతిని తువ్వాలు కింద దాచుకుని కూర్చోవడమే పని. మా మధ్య అన్నం తినరు, గదిలో తలుపేసుకుని ఎడమచేత్తో తింటారు. చివరికి వంటకి వంకలు పెట్టడం కూడా మానేశారు.

ఒకరోజు మా అత్తయ్య వీరమ్మతో, ఈ చేత్తో బతికేకంటే సముద్రంలో కలిసిపోవడం నయమన్నారట. ఆవిడ ఆ మాట నాకు చెప్పి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అప్పటికి మావారు శివాజీ ఒమాన్‌లో, సలాలా అనే ఊళ్ళో ఏసీ మెకానిక్కు. 2006 చివర్లో విజిట్ వీసాలు తెప్పించి ఇద్దరినీ నేనే వెంటబెట్టుకెళ్ళాను. ఊరు మారితే మనిషి మారతారని నా ఆశ. ఆయన బెజవాడలో మా ఇంటి గోడకేసి చూసినట్టే సలాలాలో గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

శుక్రవారం సెలవు. శివాజీ స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. సముద్రం పక్క రోడ్డు పట్టుకుని మిర్బాత్ అనే ఊరిదాకా వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామన్నాడు. అత్తయ్య పులిహోర కట్టింది. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు ఎండిన కొండలు. కాలువలూ వరిచేలూ చూసి పెరిగిన నాకు ఆ కొండల్ని చూస్తుంటేనే దాహం వేసింది. అత్తయ్య మాత్రం ఎదురొచ్చిన ఒంటెలన్నిటికీ దణ్ణం పెట్టింది. ఎందుకని అడిగితే, పెడితే పోయేదేముంది అంది. మామగారు ముందు సీట్లో అద్దం దించుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు.

దారిలో ఒక మలయాళీ టీ కొట్టు దగ్గర ఆగాం. శివాజీ టీ చెప్పడానికి లోపలికి వెళ్ళాడు. అత్తయ్యా నేనూ మొహాలు కడుక్కోవడానికి కొట్టు వెనక్కి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి కారు తలుపు తీసి ఉంది, ముందు సీటు ఖాళీగా ఉంది.

ఆయన పాస్‌పోర్టూ, బీపీ మాత్రలూ నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఆయనకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. శివాజీని పిలిచి ముగ్గురం రోడ్డుమీద ఇటూ అటూ పరిగెత్తి చూశాం. లేరు. అప్పుడు ఇసుక మొదలయ్యేచోట ఆయన చెప్పులు కనబడ్డాయి. పక్కపక్కన, సముద్రం వైపు తిరిగి, పద్ధతిగా విడిచిన చెప్పులు.

అత్తయ్య నా మొహం చూసింది. ఇద్దరికీ ఒకే మాట గుర్తొచ్చింది, ఇద్దరం పైకి అనలేదు. నేను చెప్పులు తెగేలా ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బ ఎక్కాను. దేవుడా, ఈ మనిషిని చూపించు, మిగతాది నేను చూసుకుంటాను అని మొక్కుకున్నాను.

దిబ్బ అవతల వల లాగుతున్నారు. రెండు బారులుగా జనం, ఒక్కో బారుకి ఒక తాడు. లుంగీలు కట్టుకుని టోపీలు పెట్టుకున్న ఆ మనుషుల మధ్య గళ్ళ చొక్కా, ఎగ్గట్టిన పంచె, నడుముకి బిగించిన తువ్వాలు. మా మామగారే.

నేను ఇసుకలో కూలబడ్డాను. కాసేపు నవ్వో ఏడుపో తెలియకుండా వచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. చెప్పిపోవడానికి ఏం రోగం? శివాజీ గట్టిగా పిలిచాడు. ఆయన మావైపు చూశారు, చూసి మళ్ళీ తాడువైపు తిరిగారు. శివాజీ వెళ్ళి లాక్కొస్తానని బయల్దేరితే అత్తయ్య చొక్కా పట్టుకుని ఆపింది.

"తాడు పట్టుకున్నాక వల ఒడ్డెక్కేదాకా వదలకూడదురా. ఆ మాత్రం తెలీదా, నువ్వసలు గిలకలదిండిలో పుట్టావా?"

చెప్పుల సంగతి కూడా అప్పుడే చెప్పింది. వల దగ్గరికి చెప్పులతో వెళ్ళరట. నాకెవరు చెప్పారు? నేను బెజవాడ పటమటలో పుట్టి పెరిగినదాన్ని.

దగ్గరికి వెళ్ళాక ఆ చెయ్యి కనబడింది. తాడుని కుడి మణికట్టుకి ఒక చుట్టు తిప్పుకున్నారు. వంకర్లు పోయిన వేళ్ళు తాడుని పట్టుకుంటున్నాయి, జారుతున్నాయి, మళ్ళీ పట్టుకుంటున్నాయి. వెనకున్న తెల్లగడ్డం పెద్దాయన అది గమనించినట్టున్నాడు, మామగారికి అందేలా అడుగు మెల్లగా వేస్తున్నాడు. తిట్టడానికి వెళ్ళినదాన్ని తిట్టలేకపోయాను.

శివాజీ బూట్లు విప్పి ప్యాంటు మడిచి తాడు అందుకున్నాడు. అత్తయ్య చీర దోపుకుని కొడుకు వెనక నిలబడింది. నేనూ చెప్పులు వదిలి పట్టుకున్నాను. అరచేతులు మండిపోయాయి.

వల నిండా కవ్వళ్ళు అనే చిన్న చేపలు, వెండి రంగులో గిలగిల్లాడుతూ. వాళ్ళు ఒడ్డునే కుప్పలు పోసి పంచుకోవడం మొదలుపెట్టారు. మామగారు అడగడానికి మొహమాటపడి దూరంగా నిలబడ్డారు. తెల్లగడ్డం పెద్దాయన చెయ్యూపి పిలిచాడు, మా నలుగుర్నీ వేలితో చూపించి ఒక పెద్ద కుప్ప విడదీశాడు.

మామగారు నడుముకున్న తువ్వాలు విప్పి రెండు చేతులా పరిచి పట్టుకున్నారు. ఇన్నాళ్ళూ ఆ చేతిని దాచిన తువ్వాలే అది. కుడివైపు కొస జారి నాలుగు చేపలు కింద పడ్డాయి. ఆయన కొస మళ్ళీ అందుకుని బిగించి పట్టుకున్నారు.

"చూశావా అమ్మాయ్, ఇక్కడా తాడు పట్టినోళ్ళకి వాటా ఇస్తన్నారు," అన్నారు నాతో.

మిర్బాత్ చూడలేదు. కారంతా చేపల వాసన, స్నేహితుడికి ఏం చెప్పాలో తెలియక శివాజీ దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. నేను మాత్రం హాయిగా నిద్రపోయాను.

ఆ రాత్రి అత్తయ్య కవ్వళ్ళు పులుసు పెట్టింది. మామగారు గదిలోకి వెళ్ళలేదు. వచ్చి మా మధ్య కూర్చుని కుడిచేత్తో కలుపుకున్నారు. సగం మెతుకులు కంచం చుట్టూ పడ్డాయి. ఎవరం అటు చూడలేదు. రెండు ముద్దలు తిని, పులుసులో ఉప్పు తగ్గిందన్నారు.

అత్తయ్య ఉప్పు తేవడానికి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటిదాకా బయటికి రాలేదు. రుచి చూస్తే పులుసులో ఉప్పు సరిపోయింది. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు.