జగన్నాధం గారి సమన్యాయం

పెదగెడ్డపేటలో అందరూ చేపల వాళ్ళే. ఉన్నవి రెండే వీధులు: తూర్పు వీధి, పడమటి వీధి. ఊరికీ తారురోడ్డుకీ మధ్య గెడ్డ పారుతుంది. దాని మీది కల్వర్టు కిందటి వానల్లో కొట్టుకుపోయింది. అప్పట్నుంచీ ఆటోలు అవతలి గట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. ఆడవాళ్ళు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని, మొలలోతు నీళ్ళలో గెడ్డ దాటి, ఎచ్చెర్ల వెళ్ళి అమ్ముకొస్తున్నారు. మగవాళ్ళని ఈ విషయం అంతగా బాధించలేదు. వాళ్ళ రాకపోకలు సముద్రం వైపు కదా.

ఈలోగా అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఎన్నికలు కలిసి వచ్చాయి. మాజీ సర్పంచి జగన్నాధం ఊరి వాళ్ళని రామమందిరం అరుగు దగ్గరికి పిలిచాడు. రాజకీయం ఆయనకి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని ఆయనే చాలాసార్లు చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు.

"తూరుపీధోలు అధికార పార్టీకెయ్యండి. పడమటీధోలు అవతలోడికెయ్యండి. ఎవులు గెలిసినా మనోడే. ఆ గెలిసినోడి కాడికెల్లి, బాబూ, మా ఊరు నీదే అని సెప్పచ్చు. కల్వర్టు అదే వస్తాది" అన్నాడు.

ఇంత తెలివి ఇన్నాళ్ళూ గెడ్డ ఇవతలే ఉండిపోయిందే అని జనం ముచ్చటపడ్డారు. చిక్కల్లా ఎల్లాజీ ఇంటి దగ్గర వచ్చింది. ఆ ఇల్లు మూలమీద ఉంది. వీధిగుమ్మం తూర్పు వీధిలోకి, పెరటిగుమ్మం పడమటి వీధిలోకి. జగన్నాధం కాసేపు ఆలోచించి, ఎల్లాజీ ఓటు తూర్పుకి, అతని భార్య చిన్నతల్లి ఓటు పడమరకి కేటాయించాడు.

ఎల్లాజీ ఇంటికొచ్చి ఈ తీర్పు భార్యకి వినిపించాడు. చిన్నతల్లి అప్పుడే గెడ్డ దాటి వచ్చి తడిచీర పిండుకుంటోంది.

"నా ఓటు పెరటిగుమ్మానికి రాసీశారేటి?" అంది.

"అన్న మన మంచికే సెప్పాడే."

"మరి ఢిల్లీ ఓటో? అదెవులికెయ్యాల?"

"అదీ అలగే. ఒక మిషన్లో ఏ గుర్తు నొక్కితే రెండోదాన్లో అదే నొక్కీ."

"ఆ ఢిల్లీకెల్లేవోల్లు ఎవులో నువ్వు సూసావా మావా?"

ఎల్లాజీ చూడలేదు. ఢిల్లీ వెళ్ళేవాళ్ళని చూడాలనుకోవడం అత్యాశ అని అతని అభిప్రాయం.

ప్రచారానికి మొదట అధికార పార్టీ అభ్యర్థి వచ్చాడు. అంత పెద్ద వాహనం గెడ్డలో దిగదు కాబట్టి అవతలి గట్టు మీదే నిలబడి మైకులో మాట్లాడాడు. ఇవతలి గట్టు మీద నిలబడి ఊరంతా విన్నది. మధ్యలో నీళ్ళు. కల్వర్టు పనులు దాదాపు పూర్తికావచ్చాయని ఆయన ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టి, మళ్ళీ గెడ్డ వైపు ఓసారి చూసుకున్నారు.

రెండో అభ్యర్థి పంచె ఎగ్గట్టి నీళ్ళలో దిగాడు. దిగినవాడు దిగినట్టే బురదలో కూరుకుపోయాడు. చిన్నతల్లీ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ రెక్కలు పట్టి గట్టుకి లాగారు. ఆయన చెప్పు ఒకటి గెడ్డలోనే ఉండిపోయింది.

"అమ్మా, రోజూ ఇందులోనే నడుస్తారా?" అని అడిగాడు రొప్పుతూ.

"తట్టెట్టుకుని నడుస్తాం బాబూ" అంది చిన్నతల్లి.

పోలింగు రోజున చిన్నతల్లి ఆ బురదలో దిగినాయనకే ఓటు వేసింది. పడమటి గుమ్మానికి వచ్చిన వాటా కూడా అదే అయినా, వాటా కోసం వెయ్యలేదు. ఆ ఒక్కడికైనా గెడ్డ ఎంత లోతో తెలుసని వేసింది. ఢిల్లీ మిషను దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయింది. పోలింగు ఆఫీసరు విసుక్కున్నాడు.

"ఏమ్మా, ఇంకా ఎంతసేపు?"

"ఈల్లలో ఒక్కడైనా మా ఊరొచ్చుంటే బేగే నొక్కీసుందును బాబూ" అని, చివరికి చదువుకున్నదానిలా కనిపించిన ఒకావిడ ఫొటో పక్కన నొక్కి వచ్చేసింది. బయటికొచ్చాక తను చేసింది తప్పో ఒప్పో తెలియక ఆ పూట అన్నం సయించలేదు.

గట్టు మీద మాట్లాడినాయనే గెలిచాడు. జగన్నాధం పూలదండ పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి బయల్దేరాడు. అక్కడ ఎమ్మెల్యే మనిషి మోహనకృష్ణ బూతుల వారీగా లెక్క ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ ఊరు మాదేనా? సగం మందే వేశారు. మిగతా సగం మా మీద కత్తి కట్టారు కదయ్యా!" అన్నాడు. దండ మాత్రం తీసుకున్నాడు.

ఓడినాయనా ఫోన్లో అదే అన్నాడు, సగం ఊరు వెన్నుపోటు పొడిచిందని. మొత్తానికి రెండు పార్టీలనీ సమానంగా శత్రువులు చేసుకున్న ఊరు ఆ జిల్లాలో పెదగెడ్డపేట ఒక్కటే అయింది. ఆ ఏడాది వానల్లో లక్ష్మణమ్మ అనే ముసలమ్మ గెడ్డలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. మంచంతో సహా మోసుకెళ్ళి అవతల ఆటో ఎక్కించారు.

తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్ళకి కేటాయించారు. జగన్నాధం క్షణం ఆలస్యం చెయ్యకుండా భార్య ధనలక్ష్మి పేరు ప్రకటించి, ఏకగ్రీవం అన్నాడు. ఆవిడని అడిగారా అని ఎవరూ అడగలేదు.

చిన్నతల్లి నామినేషను వేసింది. ఎల్లాజీకి ముచ్చెమటలు పోశాయి.

"అన్న మొకం ఎలా సూడాలే నాను?"

"ముసిలమ్మని మంచం మీద మోసినప్పుడు నా మొకం సూసావు కదా. అలగే సూడు."

ధనలక్ష్మి భర్త వెంట ఇల్లిల్లూ తిరిగి దండం పెట్టింది. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే జగన్నాధం జవాబు చెప్పాడు. ఎలా ఉన్నావని అడిగినా ఆయనే చెప్పాడు. చిన్నతల్లి మాత్రం తట్ట పక్కన పెట్టుకుని, గెడ్డ దాటొచ్చిన ప్రతి ఆడమనిషినీ గట్టు మీదే పట్టుకుంది. ఈసారి వీధుల వాటాలు ఎవరికీ గుర్తు రాలేదు.

పోలింగు రోజు సాయంత్రం బడిలో ఓటు కాగితాలు లెక్కపెట్టారు. కొద్దిపాటి తేడాతో చిన్నతల్లి గెలిచింది. జగన్నాధం తన దాయాదుల్లోనే ఎవడో మోసం చేశాడని, వాడెవడో తేల్చే పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే ధనలక్ష్మి పెరటిగుమ్మం నుంచి వచ్చింది. చిన్నతల్లి కంగారుపడి పీట వేసింది.

"అప్పా, కోపమేటి నామీద?"

"కోపమెందుకే? నా ఓటు నీకే ఏసినాను. మా కోడలూ ఏసింది. మా ఆడపడుసులిద్దరి సేతా ఏయించినాను."

చిన్నతల్లి నోరు తెరిచి చూసింది. "మరి ఊరంతా తిరిగి దండాలెట్టినావు కదప్పా!"

"ఆయన ఎట్టమన్నాడు, ఎట్టినాను. నాను గెలిస్తే సర్పంచి ఆయనే కదే. పొద్దస్తమానం అరుగు మీద మీటింగులు. ఆ టీలన్నీ ఎవులు కాస్తారు? మొన్న ఆయనగోరు సర్పంచి సేసినప్పుడు కాసి కాసి నా నడుం పోయింది." అని గొంతు తగ్గించింది. "ఆయన మాత్రం మోసం సేసినోడి కోసం ఎతుకుతున్నాడు. పాపం, ఎతుక్కోనీ. ఇంటిపట్టున ఉండట్లేదు, పేణానికి సుకంగా ఉన్నాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వి నవ్వి చిన్నతల్లికి కళ్ళు తడిశాయి. అంతలోనే కల్వర్టు గుర్తొచ్చింది.

"కల్వర్టు పంచాయతీ సేతిలో నేదంటన్నారప్పా. మండలంలో అడిగితే ఇంకో ఆఫీసంటారు. అక్కడ మల్లీ ఆ ఎమ్మెల్యే సంతకమంట. నానొక్కద్దాన్నీ ఏటి సెయ్యగలను?"

"ఒక్కద్దానివెందుకెల్తావు?" ధనలక్ష్మి లేచి కొంగు బిగించింది. "తట్టలోల్లందర్నీ పిలు. సేపలు దింపకుండా తిన్నగా ఆ ఆఫీసులోకే తీసుకుపోదాం. ఆ వాసనకి ఎంతసేపు కూకుంటారో సూద్దాం."

ఆ సోమవారం అలాగే వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా ఇంజనీరు ముక్కుకి రుమాలు కట్టుకుని, టేపు పట్టుకుని, గెడ్డ కొలవడానికి బయల్దేరాడు.