తువాళ్లు కప్పిన సామాను

విమానం సమయానికే లేచింది. ఏసప్ప లేవలేదు.

నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. ఇది చీకట్లో జరిగింది కాదు. బీదరులో, మిట్టమధ్యాహ్నం, ప్రయాణికులు కిటికీల్లోంచి చూస్తుండగా జరిగింది.

సరళ్ ఎయిర్ అనే కొత్త చవక విమానాల కంపెనీలో నేను సామాను సరిచూసి పంపే గుమాస్తాను. మాది జహీరాబాదు. భార్య పోయాక ఈ ఉద్యోగం చూసుకొని వచ్చి, బీదరు పక్కనే ఉన్న నౌబాదులో ఒక గది తీసుకున్నాను. ఆ రోజు విమానం ఆలస్యంగా దిగింది. వచ్చిన పెట్టెలు దించి, పోయేవి ఎక్కించి, సీట్లు తుడిచి, అరగంటలోపే మళ్లీ పంపాలి. పెట్టెల్ని పైకి చేర్చే బెల్టు బండి ఉండేది. అద్దె దండగని కంపెనీ దాన్ని వెనక్కి పంపేసింది. అప్పటి నుంచి ఏసప్ప ట్రాలీ మీద నిలబడి పెట్టెలు తల మీదికెత్తి అందిస్తే, విమానం పొట్టలో కూర్చున్న పీరప్ప అందుకునేవాడు. ఆ రోజూ అంతే. మేనేజర్ యోగేందర్ చెయ్యి ఊపి నడువు, నడువు అని తొందరపెట్టాడు. ట్రాలీలు లాగే ట్రాక్టర్ మీద ఖండప్ప ఉన్నాడు. వెనక్కి చూడకుండా బండి ముందుకు పోనిచ్చాడు.

ఏసప్ప కాంక్రీటు మీద పడ్డాడు. వెనక ట్రాలీ చక్రం అతని కాలి మీదుగా పోయింది.

అంబులెన్స్ పిలవాలని నేను అరిచాను. యోగేందర్ వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడి, ముందు మనిషిని రెక్క కింద నుంచి పక్కకు జరపమన్నాడు. అంబులెన్స్ లోపలికొస్తే విమానం ఆగాలి. విమానం ఆగకూడదు. ఏసప్ప భార్య అంబమ్మ అప్పుడు విమానం లోపలే సీట్లు తుడుస్తోంది. ఆమెకు చెబుదామని నేను మెట్ల వైపు పోతే, యోగేందర్ నా చెయ్యి పట్టుకున్నాడు. చెబితే పని ఆగిపోతుందన్నాడు. ఆమె చెత్త సంచీతో అవతలి మెట్లు దిగి టెర్మినల్‌లోకి వెళ్లిపోయింది. మొగుడు పడ్డాడన్న సంగతి విమానం మబ్బుల్లోకి పోయాకే ఆమెకు తెలిసింది.

కావలి కాస్తున్న వాయుసేన జవాను ఒకతను తన గొడుగు తెచ్చి ఏసప్ప మొహం మీద నీడ పట్టాడు. ఎవరూ పట్టమనలేదు. అంబులెన్స్ వచ్చేదాకా తాను ఎండలోనే ఉండి ఆ గొడుగును కదలనివ్వలేదు. ఆ జవాను పేరు నాకిప్పటికీ తెలియదు.

సర్కారు దవాఖానాలో ఏసప్ప కాలు తీసేశారు.

మర్నాడు యోగేందర్ మా అందరినీ సామాను హాలులో నిలబెట్టాడు. పక్కన లేబర్ కాంట్రాక్టర్ రామ్‌రావు ఉన్నాడు. యోగేందర్ది హైదరాబాదు. వయసులో చిన్నవాడు. కంపెనీ కష్టాలు చెప్పుకొచ్చాడు. మనం రాగానే పెద్ద కంపెనీలు టికెట్ల ధరలు సగానికి కోశాయట. విమానాల ఇంధనం ధర పెరుగుతోందట. ఉన్నది ఒకే విమానం, అది బీదరులో ఆలస్యమైతే రోజంతా ప్రతి ఊళ్లోనూ ఆలస్యమేనట. హైదరాబాదులో అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్న రోజుల్లో కూడా బీదరు జనం ఇంకా బస్సే ఎక్కుతున్నారట. అందులో అబద్ధం లేదు. సగం ఖాళీ సీట్లు నేనూ రోజూ చూస్తున్నవే.

"గిప్పుడు కంపెనీ మీద మచ్చ పడితే మూత పడుతది," అన్నాడు. "మీ నౌక్రీలు పోతయి, నాదీ పోతది. డ్రైవర్ బేఫికర్‌గ నడిపిండు, ఏసప్ప చెప్పకుండ ఎక్కిండు. గింతే మాట. అందరు గిదే చెప్తే అందరం బతుకుతం."

అంటే ఖండప్ప జైలుకు పోవాలి. ఏసప్ప కాంట్రాక్టు కూలీ, మా మనిషే కాదని కంపెనీ చేతులు దులుపుకోవాలి. రామ్‌రావు అప్పుడే పోలీసులకు ఖండప్ప పేరు చెప్పేశాడు.

సాయంత్రం నౌబాదులో ఏసప్ప ఇంటి ముందు అందరం కూడాం. ఖండప్ప మా మధ్యకు రాలేదు. దూరంగా గోడకు ఆనుకొని ఉన్నాడు. జనం రెండుగా చీలిపోయారు. నడిపినోడు వాడే కదా, వాడి కోసం అందరం పొట్టలెందుకు కాల్చుకోవాలని కొందరన్నారు. కంపెనీ పోతే మళ్లీ గంజ్‌లో బస్తాలు మోయాలె, గదేనా మీకు కావలసింది అని ఒకరు. గంజ్‌లో మోస్తే కాళ్లన్నా ఉంటయి కదా అని ఇంకొకరు. కొందరు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఖండప్ప అక్కడి నుంచే అన్నాడు: "నడిపింది నేనే. వెన్కకు సూడలే. నన్ను ఇచ్చేయుండ్రి."

అంబమ్మ దవాఖానా నుంచి అప్పుడే వచ్చింది. చేతిలో ఖాళీ టిఫిన్ గిన్నె. ఏసప్ప అన్నం ముట్టలేదు. పక్క మంచం రోగి తల్లి దాన్ని వృథా కానివ్వకుండా తన పిల్లలకు పెట్టిందని తర్వాత అంబమ్మే చెప్పింది. ఆమె నేరుగా ఖండప్ప ముందుకు వెళ్లి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాం.

"నీ చెయ్యి నడిపింది, ఖండన్నా. నడువుమన్న నోరెవ్వలిది? మెషిన్ తీస్కపోయిన చెయ్యెవ్వలిది? నా పెనిమిటి కింద పడి ఉంటె నన్ను సీట్లు తుడువుమన్నరు. గది కూడ నువ్వే జేసినవా?"

పీరప్ప బీడీ ఆర్పేశాడు.

"పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ కుస్తీ పడుతున్నయి," అన్నాడు. "పట్టనీ. గని ఇద్దరు నిలవడ్డది మన నడుముల మీద. టికెట్ చవక జేసిండ్రంట. ఆ చవక ఏడికెల్లి వచ్చింది? ఏసప్ప కాలు నుంచి కోసిండ్రు."

అప్పుడు గంజ్ పద్ధతి మాట వచ్చింది. విమానాశ్రయం కూలీల్లో ఎక్కువమంది ఒకప్పుడు బీదరు గంజ్ అనే ధాన్యం మార్కెట్లో హమాలీలు. అక్కడ హమాలీ ఎవడైనా బరువు కింద పడితే, తోటివాళ్లు భుజం మీది తువాళ్లు తీసి ఆ సరుకు మీద కప్పుతారు. సేటు వచ్చి, నలుగురి ముందు "నా పనిల దెబ్బ తాకింది" అనేదాకా ఏ హమాలీ ఆ తువాలు తీయడు, ఆ సరుకు ఎత్తడు. విమానాశ్రయంలో చేరిన మొదటి రోజే కంపెనీ తువాళ్లు వద్దని చొక్కాలిచ్చింది. తువాళ్లు ఇళ్లల్లో దండేల మీదికి పోయాయి.

ఆ రాత్రి ఎవరి తువాలు వాళ్లు వెతుక్కున్నారు. అడగాల్సింది ఒక్కటే అనుకున్నాం: తొందరపెట్టింది మేమే, మా పనిలోనే దెబ్బ తగిలిందని కంపెనీ అందరి ముందు చెప్పాలి.

మర్నాడు విమానం దిగింది. సామాను ట్రాలీలు రెక్క పక్కకు వచ్చాయి. పీరప్ప చొక్కా లోపలి నుంచి తువాలు తీసి ముందున్న పెట్టె మీద పరిచాడు. ఒకరి తర్వాత ఒకరు పరిచారు. ఖండప్ప ట్రాక్టర్ ఆపి, తాళంచెవి సీటు మీద పెట్టి, తన తువాలు తీసుకొని కిందికి దిగాడు. వెయ్యాలా వద్దా అని తడబడ్డాడు. పీరప్ప జరిగి చోటిచ్చాడు.

యోగేందర్ మొదట బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. ఆ మాట చెప్పు, ఇప్పుడే ఎత్తుతం అన్నారు కూలీలు. చెప్పే అధికారం తనకు లేదన్నాడు. టెర్మినల్‌లో ప్రయాణికులు కేకలు మొదలుపెట్టారు. భాల్కి నుంచి వచ్చిన ఒక ముసలామె నన్ను ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె అరుస్తున్న పక్కవాణ్ని చూసి, "కాలు పోయినోని కన్న నీకు ఎక్కువ ఏం పోయింది నాయినా" అంది. అతను కూర్చున్నాడు.

రామ్‌రావు గంజ్‌కు పోయి టెంపోలో కొత్త హమాలీల్ని తెచ్చాడు. ఎక్కువ కూలి అన్నాడు గానీ, సంగతేమిటో చెప్పలేదు. వాళ్లు హుషారుగా దిగి ట్రాలీల దాకా వచ్చారు. తువాళ్లు చూశారు. ఆగిపోయారు.

ముందున్న ముసలి హమాలీ అడిగాడు: "ఎవరికి తాకింది?"

"ఏసప్పకు. కాలు పోయింది," అన్నాడు పీరప్ప.

"మాలిక్ అన్నడా?"

"అనలే."

ముసలాయన అక్కడే కాంక్రీటు మీద కూర్చున్నాడు. వెనకవాళ్లూ కూర్చున్నారు. రామ్‌రావు కూలి ఇంకా పెంచాడు. ముసలాయన తల ఎత్తకుండానే అన్నాడు: "గిది ఎత్తితే, రేపు నేను పడ్డనాడు నా కోసం ఎవడు కప్పుతడు సేట్?"

అప్పుడు పోలీసులొచ్చారు. లాఠీలతో మమ్మల్ని పక్కకు నెట్టారు. తువాళ్లు ఈడ్చి అవతల పారేశారు. చివరికి కానిస్టేబుళ్లే చేతకాక చేతకాక పెట్టెలెక్కించారు. విమానం మధ్యాహ్నం బాగా దాటాక లేచింది. మా కూలీల్నీ, వాళ్లతో నిలబడ్డ అంబమ్మనూ వ్యానెక్కించారు. కళ్లతో చూసింది ఇన్‌స్పెక్టరుకు చెప్పినందుకు నన్నూ వాళ్లతో పాటే ఎక్కించారు.

ఠాణాలో ఆడా మగా అని చూడకుండా మమ్మల్నందరినీ ఒకే గదిలో కుక్కారు. ఒక కానిస్టేబుల్ తన ఫోను అంబమ్మకిచ్చి, ఎవరూ చూడకుండా దవాఖానాకు మాట్లాడుకోమన్నాడు. ఏసప్పకు జ్వరమొచ్చిందని నర్సు చెప్పింది. అంబమ్మ ఫోను తిరిగిచ్చి, మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

పొద్దుగూకే వేళకు యోగేందర్ వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఇక్కడ ఆలస్యమైన విమానం అన్ని ఊళ్లలోనూ ఆలస్యమై, డబ్బు వాపసివ్వమని జనం ఎగబడ్డారని చెప్పాడు. బీదరు దారి మూసేయాలా అని పై ఆఫీసు ఆలోచిస్తోందట. "వేణుమాధవ్ సార్, మీరన్న చెప్పుండ్రి," అన్నాడు నాతో, చిన్న గొంతుతో. ఆ క్షణంలో అతని మీద జాలేసింది. కానీ అతని మాట మోయడానికి నేను ఒప్పుకోలేదు.

ఆఖరి మాటగా చెప్పాడు: అందరూ ఇప్పుడే ఇళ్లకు పోవచ్చు, రేపటి నుంచి పనిలోకి రావచ్చు. ఖండప్ప ఒక్కడు ఉండాలి.

కానిస్టేబుల్ కటకటాల తలుపు బార్లా తీశాడు.

"పోండ్రి," అన్నాడు ఖండప్ప. "అంబక్కా, నువ్వన్న పో. ఆడ ఏసప్ప ఒక్కడే ఉన్నడు."

అంబమ్మ లేచింది. దారివ్వడానికి యోగేందర్ పక్కకు జరిగాడు. ఆమె తలుపు దాకా పోలేదు. గది దాటి వెళ్లి, ఖండప్ప పక్కన గోడకు ఆనుకొని కూర్చుంది.

"నా పెనిమిటి కాడికి నేను పోవాలె సారు," అంది. "మొన్న గూడ పోనియ్యలే మీరు. గిప్పుడు ఈయన్ను మీకిచ్చి పోతే, రేపు ఆయన మొకం సూసి ఏమని చెప్పాలె? నడువుమన్నది నువ్వేనని బయటకు పోయి చెప్పు. గంజ్ మనుషులంత గేటు కాడ కూసున్నరు. వింటరు."

బయట నుంచి జనం మాటలు వినిపిస్తున్నాయి. నినాదాలు కావు. తిండి తెచ్చినవాళ్లు ఎవరికి ఎంత పెట్టాలని అడుగుతున్న మాటలు. యోగేందర్ అటు చూశాడు, ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు, కదల్లేదు. తలుపు తెరిచే ఉంది. మాలో ఒక్కరూ లేవలేదు.

కాసేపటికి పీరప్ప లేచాడు. తలుపు దగ్గరికి పోయి, కటకటాలు పట్టుకొని, లోపలి నుంచే దాన్ని లాగి మూశాడు.