మోగని సైరన్

నాలుగో కంప్యూటర్లో మూడోసారి కూడా తెర ఎర్రబడింది గానీ సైరన్ మోగలేదు. జెసింతా స్పీకరు వైరు పీకి పక్క కంప్యూటరుకు తగిలించింది. అక్కడ చెవులు చిల్లులు పడేలా మోగింది. మళ్ళీ తెచ్చి నాలుగో కంప్యూటరుకు పెట్టింది. తెర ఎర్రగా వెలుగుతోందే తప్ప చప్పుడు లేదు. రేకుల కప్పు కింద అందరూ ఉడికిపోతున్నారు. వెనక నిలబడ్డ యజమాని శేషాచలం చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇంగ ఎంతసేపమ్మా దాంతో? తెర ఎర్రగా అయింది కదా. పాస్ అని పెట్టు."

"తెర చూసేదానికి ఆడ ఎవరుంటారు సార్? మురుగు గుంత మీద ఉండేవాడు తాడు పట్టుకోనుంటాడు. వానికి చప్పుడే వినపడల్ల."

"గుంతతో మనకేం పని? సాయంత్రం నాలుగుకు రిజల్టు పోవల్ల. అది నీ పని" అని శేషాచలం వెళ్ళిపోయాడు.

శేషాచలానిది రాబర్ట్‌సన్‌పేట బజారులో రాగులు, కందిపప్పు అమ్మే కుటుంబం. బెంగళూరు బావమరిది సలహా మీద ఊరిగాంలో ఖాళీగా పడున్న తన గోదాములో కంప్యూటర్లు పెట్టి టెస్టింగ్ సెంటర్ అని బోర్డు తగిలించాడు. ఎవరైనా ఉచితంగా వాడుకుని, కావలిస్తే మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు కొత్తగా తయారైనప్పుడల్లా ఒక బెంగళూరు సంస్థ వాటిని ఇక్కడికి పంపిస్తుంది. లినక్స్ పేరుకు ఒకటే అయినా అందులో డెబియన్ అనీ, ఫెడోరా అనీ, ఉబుంటు అనీ రకరకాలు. ఒకదాని మీద చక్కగా నడిచిన ప్రోగ్రాం ఇంకోదాని మీద మొండికేస్తుంది. అందుకని ఒక్కో కంప్యూటర్లో ఒక్కో రకం ఎక్కించి, అన్నింటి మీదా నడిపి చూసి, చూసినవాళ్ళు తమ పేరుతో ఫలితం పెట్టాలి.

ఆ చూసేవాళ్ళంతా గని కార్మికుల పిల్లలే. బంగారు గనులు మూతపడ్డాక ఈ ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు బెంగళూరు రైలే గతి. తెల్లారకముందే ఎక్కాలి, చీకటి పడ్డాక దిగాలి. రైలు బాధ తప్పుతుంది కదా అని బెంగళూరు జీతంలో సగానికే ఇక్కడ ఒప్పుకున్నారు. అంతకు మించి ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదని శేషాచలానికి మొదటి రోజే అర్థమైంది. ఎదుటివాడి అవసరం ఎంతో చూసి ధర చెప్పడం కొట్లో పెరిగిన మనిషికి ఎవరో నేర్పాలా?

ఈసారి వచ్చింది విషవాయువును పసిగట్టే ప్రోగ్రాం. మురుగు గుంతలోకి మనిషి దిగేటప్పుడు ముందుగా ఒక మీటరును కిందికి వదులుతారు. గాలి చెడిపోయి ఉంటే పైనున్న కంప్యూటరు సైరన్ మోగించాలి. మనుషుల్ని దించకూడదని చట్టం ఉంది. దించుతూనే ఉన్నారు. నాలుగో కంప్యూటర్లో ఉన్నది బాగా పాత రకం లినక్స్. పెద్ద ఆఫీసులు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. చిన్న ఊళ్ళలో, కంట్రాక్టర్ల దగ్గర, ఎవరో వాడి పారేసిన కంప్యూటర్లలో ఇంకా అదే నడుస్తోంది. అంటే గుంత దగ్గరికి వచ్చేది అదే. ఈ సంగతి తెలిసీ పాస్ అని పెట్టడమంటే ఒక మనిషిని చేతులారా కిందికి తొయ్యడమే.

కానీ అన్ని రకాల మీదా పాసైతేనే బెంగళూరువాళ్ళు వచ్చే ఏడాదికి పని ఇస్తారట. ఒక్కటి తప్పినా సెంటర్ మూసేస్తానని శేషాచలం పొద్దున్నే అందరికీ వినపడేలా చెప్పాడు. అప్పటినుంచి జెసింతాతో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఎదురు సీటు డెన్నిస్ అయితే మొహం మీదే అనేశాడు.

"నీ ఒక్కదాని మొండితనానికి మేమంతా రైలెక్కల్లా?"

జెసింతా స్పీకరు వైరు మళ్ళీ బిగించి చూసింది. భోజనాల వేళ కాగానే ఇంటికి పరిగెత్తింది.

గని కంపెనీ కార్మికులకని ఆనాడు వరసగా కట్టిన లైన్ల ఇళ్ళలో వాళ్ళది ఒకటి. తండ్రి అంతోని గోడకు ఆనుకుని కూర్చుని, ఈల వేసినట్టు ఊపిరి పీలుస్తున్నాడు. గనిదుమ్ము అతని రొమ్మును తినేసింది. మధ్యాహ్నం ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాస్కు పట్టుకుని మందు ఆవిరి పట్టించాలి. తల్లి పోయాక ఆ ఎవరో ఒకరు జెసింతాయే. ఆమె రైలెక్కితే ఆ మాస్కు పట్టే చెయ్యి ఉండదు. తండ్రి గుండె ఎగిరెగిరి పడటం చూస్తూ కూర్చుంది. తిరిగి వెళ్ళేటప్పుడు, అబద్ధమెందుకు, పాస్ అని పెట్టేద్దామనే బయల్దేరింది.

వచ్చి చూస్తే నాలుగో కంప్యూటరు మీద అప్పటికే పాస్ అని పచ్చగా ఉంది. చూసినవారు జెసింతా అని కింద పేరు కూడా ఉంది.

పక్క సీటు జూలియా కుర్చీ దగ్గరికి జరిపి మెల్లగా చెప్పింది. "నేనే పెట్టేసినానక్కా. నీకు మనసొప్పదని తెలుసు. ఇంగ నీ మీద మాట రాదులే."

జూలియాది చెడ్డ మనసు కాదు. అక్కడ అందరికీ అందరి పాస్‌వర్డులూ తెలుసు. ఒకరు ఆలస్యమైతే ఇంకొకరు వాళ్ళ పని తెరిచి ఉంచుతారు. కాలనీ పంపు దగ్గర ఒకరి బిందె ఒకరు పట్టడం ఎంతో ఇదీ అంతే. కానీ ఆ పచ్చని పేరు చూడగానే జెసింతాకు తండ్రి గనిరోజులు గుర్తొచ్చాయి.

గనిలోనూ ఈ మంచితనమే ఉండేది. దిగేముందు ప్రతివాడూ తన ఇత్తడి బిళ్ళను గని ముఖద్వారం దగ్గరున్న పలకకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. పలక మీద బిళ్ళ ఉంటే మనిషి లోపలున్నట్టు లెక్క. షిఫ్టు దాటాక కూడా బిళ్ళ అక్కడే ఉంటే జుర్మానా వేసేవాళ్ళు. అందుకని ఒకనాడు అంతోని ఇంకా కిందే ఉండగా, అతని జతగాడు పైకొచ్చి తన బిళ్ళతో పాటు స్నేహితుడి బిళ్ళ కూడా తీసేశాడు. జుర్మానా తప్పించాననుకున్నాడు. ఆ కాసేపటికే లోపల బండ విరిగింది. పలక ఖాళీగా ఉంది కాబట్టి అందరూ పైకొచ్చేశారని గుమాస్తా చెప్పాడు. జెసింతా తల్లి ఒప్పుకోలేదు. నా మొగుడు ఇంటికి రాలేదని, మళ్ళీ లిఫ్టు దించి వెతికేదాకా గేటు వదలనని నిలబడింది. ఆవిడ నిలబడింది కాబట్టి అంతోని బతికాడు. ఆ జతగాడు ఇప్పటికీ క్రిస్మస్‌కు కేకు తెస్తాడు, అంతోని ముందు తల మాత్రం ఎత్తడు.

జెసింతా కూర్చుని పాస్ తీసేసింది. ఫెయిల్ అని పెట్టి, తెర ఎర్రబడుతోంది, సైరన్ మోగడం లేదు అని రాసింది. కింద తన పేరు అలాగే ఉంచింది.

నాలుగు కావస్తుండగా శేషాచలం వచ్చాడు. ఎర్ర గుర్తు చూసి అతని మొహం మాడిపోయింది.

"ఎవరు మార్చింది?"

"నేనే సార్. నా పేరు కింద నేను చూసిందే ఉండల్ల."

"నీ పేరేమన్నా బంగారమా? మీ నాయిన రోగం చూసి, పోనీలే అని మధ్యాహ్నం ఇంటికి పంపిస్తా ఉండా. రేపట్నుంచి రావద్దు. లెయ్."

జెసింతా లేచింది. తండ్రి మాస్కు కళ్ళముందు మెదిలింది. అయినా ఆ ఎర్ర గుర్తు జోలికి పోలేదు, టిఫిన్ డబ్బా తీసుకుని పక్కకు నిలబడింది.

"జూలియా, నువ్వు కూర్చో. పాస్ పెట్టు" అన్నాడు శేషాచలం.

జూలియా వచ్చి కూర్చుంది. మౌస్ మీద చెయ్యి వేసింది. పాస్ పెట్టకుండా ఇంకోసారి ప్రోగ్రాం నడిపింది. తెర ఎర్రబడింది. పనివాళ్ళంతా టైపు చెయ్యడం ఆపి చెవులు రిక్కించారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. జూలియా మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను పెట్టను సార్."

శేషాచలం డెన్నిస్ వైపు చూశాడు. డెన్నిస్ తల వంచుకున్నాడు. మిగతావాళ్ళను పేరుపేరునా పిలిచాడు. ఎవరి కుర్చీ కదల్లేదు.

జూలియాను లేపి అతనే ఆ కుర్చీలో కూర్చున్నాడు. మౌస్ అటూ ఇటూ జరిపాడు. తెర మీద బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కున్నాడు. ఇంతకాలం తన గోదాములో జరుగుతున్న పనిని అతను ఎప్పుడూ చేసి చూడలేదు.

"యాడ నొక్కల్ల?" అని అడిగాడు.

ఎవరూ చెప్పలేదు.