నిష్క్రమణ పద్యం

మా ఆయన నా కాళ్ళకి పారాణి పెడుతుంటే చూసి మా రైల్వే ట్రాఫిక్ కాలనీ అంతా కళ్ళు తుడుచుకుంది. టీవీలో లెండి. నిజానికి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా కాళ్ళవైపు చూసింది ఒక్కసారే, స్టేజీ మీద తప్పు అడుగు వేశానని.

మేం నాటకాలవాళ్ళం. పద్యాలు నేను రాస్తాను, బాణీలు ఆయన కడతారు. పాట నాది, హార్మోనియం ఆయనది. పేరు ఫణీంద్ర. పగలు ఈ బెంగాలీ ఊళ్ళో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, సాయంత్రం నాకు గురువు. ఆ గురువు మీదే మనసు పడి చేసుకున్నాను కాబట్టి ఇప్పటికీ మాస్టారనే పిలుస్తాను. బాగా పాడావని ఆయన ఒక్కనాడూ అనలేదు. మొదట్లో అంటారేమోనని చూశాను. తరవాత ఆశ చచ్చింది, అలవాటు మిగిలింది.

రోహన్ అనే కుర్రాడు ఇక్కడ ఇంజినీరింగు చదివేటప్పుడు మా నాటకాలన్నీ చూసేవాడు. ఆ చదువు గట్టెక్కాక హైదరాబాదు వెళ్ళి టీవీవాళ్ళకి కథలు రాస్తూ, పేర్లు మార్చి మా ఇద్దరినీ సీరియల్ చేసి పడేశాడు. అందులో ఆయన పాట కడుతూ నా జడలో పువ్వు తురుముతాడు. నేను ఆయన్ని బావా అంటాను. చూస్తుంటే నాకే అసూయ.

రోజూ సాయంత్రం సందులోవాళ్ళంతా మా ముందు గదిలోనే చేరతారు. కాసేపు టీవీ చూస్తారు, కాసేపు మమ్మల్ని చూస్తారు. అందుకని నేనూ ఆయనా ఒకే బెంచీ మీద కూర్చోవాలి.

"ఓలమ్మ రాధా, అదురుష్టమంటే నీదేనే! మా ముసిలోడు తిన్న కంచమైనా తియ్యడు" అంటుంది పక్కింటి చిలకమ్మ.

నేను ఒంటరిగా కూరలకి వెళ్ళినా దుకాణాల్లో తెలుగువాళ్ళు మాస్టారేరీ అని అడుగుతారు, ఆ మాట విని బెంగాలీవాళ్ళు కూడా "దాదా కోథాయ్ బౌదీ?" అని అదే అడుగుతారు. గట్టిగా కసురుకుందామన్నా వీల్లేదు, రాగిణమ్మ కోప్పడదట. రాగిణి సీరియల్లో నా పేరు.

ఈ లోపల విజయనగరంలో ఒక నాటక సమాజం నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్లలకి పద్యం నేర్పాలి, ఉండటానికి గది ఇస్తారు, సోమవారానికి చేరాలి, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటారు. ఒక గది, దానికొక తలుపు, ఆ తలుపు నేనే వేసుకోవచ్చు. అంతకంటే నాకేం అక్కర్లేదనిపించింది. ఆయనతో చెప్పాను.

"సీరియలు నడస్తన్నాది కదా. ఇప్పుడెలాగ ఎల్తావు?"

"అదెప్పుడు అవుద్ది మాస్టారూ?"

"రోహను ఇంకో రెండేళ్ళంతన్నాడు" అని హార్మోనియం మెట్లు తుడుచుకోసాగారు. కోపం లేదు, ఏమీ లేదు. కొట్టే మొగుడినైతే వదిలిపెట్టొచ్చు, లోకం ఔనంటుంది. తుడుచుకునే మొగుడిని ఏం చెప్పి వదిలిపెట్టను?

చెప్పకుండానే వెళ్ళిపోదామనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం తెలుగు సంఘంవాళ్ళు మాకు సన్మానం పెట్టారు. సన్మానం ముందు మా 'శిల్పి భార్య' నాటకంలోని ఆఖరి రంగం వెయ్యాలి. పెళ్ళాం బొమ్మని రాతిలో చెక్కుతూ పెళ్ళాన్ని మరిచిపోయిన శిల్పి కథ అది. ఆమె ఒక పద్యం పాడి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. అది ఎవరిని చూసి రాశానో మాస్టారు ఇంతవరకూ అడగలేదు.

సీరియల్లో రోహన్ ఈ నాటకం కూడా పెట్టాడు, అందులో మాత్రం ఆమె గుమ్మంలోంచే వెనక్కి వచ్చేస్తుంది. సంఘం సెక్రటరీ జగ్గారావు అదే కావాలన్నాడు. "టీవీలో సూపించినట్టే ఎనక్కొచ్చీయాలమ్మా, జనం దానికోసమే వస్తన్నారు." సరేనన్నాను. పూరీ గేట్‌లో ఉండే నా స్నేహితురాలు కళ్యాణి నా సంచీ తీసుకుని హాలు వెనక గేటు దగ్గర టోటోలో, అదే బ్యాటరీ ఆటోలో, కూర్చునేట్టు మాట్లాడుకున్నాం. పద్యం అవగానే స్టేజీ దిగి, వేషంతోనే స్టేషనుకి.

హాలు నిండిపోయింది. తెర పక్కన మాస్టారు హార్మోనియం ముందు తల వంచుకుని కూర్చున్నారు. ముఖారి రాగంలో ఎత్తుకున్నాను. మూడో పాదానికి వచ్చాను.

"మరలి వత్తునన్న మాట లేదిక నాకు..."

ఆ పాదం దగ్గర గొంతు వణికింది. నటన కాదు. ఎలాగో పద్యం ముగించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాను. వెనక తలుపు తెరిస్తే ఎండలో టోటో కనిపించింది.

"బేగి రా అప్పా, బండి ఒచ్చీస్తాది!" అంది కళ్యాణి.

మెట్టు మీద కాలు పెట్టాను. అప్పుడు వినిపించింది, "వన్స్ మోర్!"

పద్యనాటకాల్లో ఆ కేక పడితే మళ్ళీ పాడి తీరాలి. బాణం తగిలి చచ్చినవాడైనా లేచి పాడి మళ్ళీ చావాల్సిందే, లేకపోతే సభని అవమానించినట్టు. జనం అరుస్తారని నాకు తెలుసు. చెవులు మూసుకుని టోటో ఎక్కెయ్యాలని ముందే గట్టిగా అనుకున్నాను. కానీ అరిచింది జనం కాదు. హార్మోనియం దగ్గరి గొంతు. మాస్టారు.

హార్మోనిస్టు వన్స్ మోర్ అనడం నేనెక్కడా చూడలేదు. ఇన్నేళ్ళ ఆశ ఎక్కడ దాక్కుందో ఏమో, ఆ ఒక్క కేకతో లేచి కూర్చుంది. నేను వెళ్ళిపోతున్నానని ఆయనకి తెలిసిపోయిందనుకున్నాను. ఉండిపొమ్మని తనకి చేతనైన మాటలో అడుగుతున్నారనుకున్నాను. కళ్యాణి చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను.

నేను స్టేజీ మీదికి రాగానే జనం లేచి నిలబడి ఈలలు వేశారు. సీరియల్లో లాగే వచ్చేసింది కదా. మళ్ళీ పాడాను. ఆయన అంత బాగా వాయించడం నేనెరగను. జనం మరోసారి వన్స్ మోర్ అన్నారు. మూడోసారి పాడుతుండగా స్టేషనులో బండి కూత వినిపించింది, మాస్టారు చటుక్కున ఆ కూతకి కూడా ఒక స్వరం కలిపారు. చప్పట్లు మోగిపోయాయి.

శాలువాలు అయ్యాయి, ఫొటోలు అయ్యాయి. హాలు ఖాళీ అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళాను.

"వన్స్ మోర్ అని ఎందుకన్నారు మాస్టారూ?"

ఆయన హార్మోనియం కాళ్ళు మడిచి గొళ్ళెం పెట్టారు.

"మొదటిసారి మూడో పాదంలో శృతి జారినాది. అలగొగ్గీస్తే ఎలాగ?"

నా వైపు చూశారు. ఆ కళ్ళల్లో అబద్ధం లేదు, ఇంకేమీ కూడా లేదు. అరుద్దామనుకున్నాను. తలుపు దగ్గర చిలకమ్మ, ఇంకో పదిమంది మమ్మల్ని ముచ్చటగా చూస్తూ నిలబడ్డారు, ఒకావిడ ఫోను పైకెత్తింది.

"పట్టు రాధా" అన్నారాయన, పెట్టెకి ఒక కొస పట్టుకుని. అది ఒక్కరు ఎత్తేది కాదు. రెండో కొస నేను పట్టుకున్నాను.