బొమ్మికి పది రోజులు

పెళ్లయి యాభై రోజులు కూడా కాలేదు నందితకు. నగరిలో అత్తగారింటికి వచ్చినప్పటి నుంచి ఆమెకు ప్రతిదీ ముచ్చటే. పక్క షెడ్డులో మరమగ్గాలు ఆగగానే చెవుల్లోకి దిగే నిశ్శబ్దం, సుకుమార్ చొక్కా జేబులో దొరికే నూలు పోగులు, మూర కొలిచాక పూలామె కొసరుగా వదిలే రెండు మొగ్గలు, వారం వారం తలంటుకని అత్త తిరుమలమ్మ రాత్రే నానబెట్టే కుంకుడుకాయలు.

ఆ ముచ్చట్లన్నిటి మీదా ఎనిమిది రోజులుగా భయం వచ్చి కూర్చుంది.

బొమ్మిని తెచ్చుకున్నది వాళ్లిద్దరే. నాయుడుపేట దగ్గర లారీ తగిలి వెనక కాలు ఒకటి పోగొట్టుకున్న కుక్క. దాన్ని కాపాడి, గాయం మాన్పింది కృపామణి. రేణిగుంట దారిలో ఒక రేకుల షెడ్డులో ఆమె ఇలాంటి కుక్కల్ని సాకుతుంది. పెళ్లికానుకగా ఒకరికొకరు ఏం కొనుక్కోవాలా అని వారం రోజులు వాదించుకుని, చివరికి నందితా సుకుమారూ ఈ మూడుకాళ్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నారు. వచ్చిన పూటే మగ్గాలన్నీ ఒక్కసారిగా మోగాయి. బెదిరిపోయిన బొమ్మి, ఎత్తుకోబోయిన సుకుమార్ వేలు కొరికింది. రక్తం వచ్చింది.

"దానికి టీకా ఏసినారు కదక్కా?" నందిత ఫోన్లో అడిగింది.

కృపామణి నిజమే చెప్పింది. "లేదు తల్లీ. మందు అయిపోయినాది. ఇంకా ముప్పై కుక్కలకు ఎయ్యాల. దుడ్డు లేక నిలబెట్టినాను. చెప్పకుండా నీ చేతికిచ్చినాను సూడు, అది నా తప్పు."

పెద్దాసుపత్రిలో సుకుమార్‌కు ఆ రోజే సూదులు మొదలుపెట్టారు. "సూదులు మానొద్దు. కుక్కను పది రోజులు కట్టేసి గమనించండి. బాగుంటే, కరిచిన నాడు దానికి రోగం లేనట్టే" అన్నాడు డాక్టరు. బాగుండకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు.

ఆ మాట మామ కుప్పయ్య చెప్పాడు. "పిచ్చి లక్షణం ఒక్కటి కనపడనీ, కట్టెతో ఒకే దెబ్బ. మళ్లీ ఏడవద్దు పాపా. నాకు నా కొడుకు ముఖ్యం."

ఊరికే కూర్చుంటే భయం పెరుగుతోందని నందిత మగ్గాల షెడ్డులో మిగిలిన ముక్కగుడ్డలతో కుక్కలకు బొంతలు కుట్టసాగింది. ఒక్కోదాని మూలన ఒక చిన్న పాదం గుర్తు. ఫోటో తీసి, ఒక బొంత కొంటే ఒక కుక్కకు టీకా అని రాసి స్టేటస్‌లో పెట్టింది. తిరుపతిలో తనతో చదువుకున్న వాళ్లు ఎగబడి కొన్నారు. కృపామణి రోజూ నాలుగైదు కుక్కలకు టీకాలు వేయించి ఫోటోలు పంపేది. ఒక్కో ఫోటోకు నందిత పొంగిపోయేది. వెంటనే పెరట్లోకి చూసి చల్లబడిపోయేది. బొమ్మి తిన్నదా? ఎందుకలా మూలకు చూస్తోంది? మొరుగు మారిందా?

తొమ్మిదో రోజు శుక్రవారం. తెల్లారీ తెల్లారకముందే పెరట్లో తిరుమలమ్మ కేక వేసింది.

"ఓరి దేవుడా! దాని నోరు సూడండ్రా!"

నందిత పరుగెత్తింది. స్నానాలగది మెట్టు పక్కన బొమ్మి తల వాల్చి నిలబడి ఉంది. మూతి నిండా తెల్లటి నురగ. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. మూడు కాళ్లూ వణుకుతున్నాయి.

కుప్పయ్య కట్టె అందుకున్నాడు. సుకుమార్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కరిచిన వేలు పిడికిట్లో దాచుకున్నాడు. నందిత మామకు అడ్డం వెళ్లింది.

"ఉండు మామా, ఒక్క నిమిషం."

"ఏముండేది? నీళ్లు పెట్టి సూడు. పిచ్చిదైతే ముట్టదు."

నందిత మెట్టు కింద బోర్లా పడి ఉన్న సత్తుగిన్నె తీసి, కొళాయి కింద పెట్టి నింపింది. చీపురు కర్రతో ముందుకు తోసింది. బొమ్మి మూతి దించింది. వాసన చూసింది. కుయ్యిమని గొలుసు తెగేలా వెనక్కి లాక్కుంది.

"అయిపాయె" అన్నాడు కుప్పయ్య. గొంతులో కోపం లేదు. ఏడుపుంది. కట్టె పైకి లేచింది.

నందిత ఇక చూడలేక చూపు కిందికి దించింది. గిన్నెలో నీళ్ల మీద బుడగలు. అంచుదాకా పేరుకుని, ఒక్కటీ పగలకుండా అట్లాగే ఉన్నాయి. కొళాయి నీళ్లకు ఇంత నురగేమిటి? వంగి వాసన చూసింది. ప్రతి శుక్రవారం తన జుట్టుకుండే వాసనే.

"అత్తా! కుంకుడుకాయలు యాడ పెట్టినావు?"

"యాడనేమి, ఆ మెట్టు మీదనే, ఆ గిన్నెలో..." తిరుమలమ్మ మాట ఆగిపోయింది. మెట్టు వెనక, స్నానాల నీళ్లు పోయే జాలారి దగ్గర నలిగిన కుంకుడు తొక్కలు.

నందిత బొమ్మి మట్టిచిప్పను కడిగి నీళ్లు నింపింది. తోసింది. బొమ్మి వెంటనే రాలేదు. ముక్కు చాచింది, ఆగింది. మళ్లీ చాచింది. ఒక్క గుక్క తాగింది. తర్వాత చిప్ప అడుగంటేదాకా తాగి, పక్కకు తిరిగి భళ్లున కక్కేసింది.

"కుంకుడు రసం నాకితే నురగ రాక ఏమొస్తాది" అంది ఫోన్లో కృపామణి. "పశువుల డాక్టర్ని పిలిపించు. రేపటి దాకా సెయ్యి మాత్రం పెట్టొద్దు తల్లీ."

కుప్పయ్య కట్టె దించాడు గానీ వదల్లేదు. పెరట్లోనే మంచం వేసుకున్నాడు. "ఇంకా ఒక దినముండాది" అన్నాడు.

పదో రోజు పొద్దున మెలకువ వచ్చినా నందిత కళ్లు తెరవలేదు. సుకుమార్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మగ్గాలింకా మొదలు కాలేదు. ఏ చప్పుడూ లేదు. పెరట్లో కూడా.

"బావా, నువ్వు పోయి సూడు."

"నువ్వే సూడు నందూ. నావల్ల కాదు."

అప్పుడు రేకు తలుపు మీద తోక కొట్టుకుంటున్న చప్పుడు. టక్, టక్, టక్. వెనకే కుప్పయ్య గొంతు.

"ఉండవే మూడుకాళ్లదానా! సంగటి సల్లారనీ, నోరు కాలుతాది."

నందిత లేచి వెళ్లి తలుపు తీసింది. కట్టె గోడకు ఆనించి ఉంది.