చర్చి దారికి తెరుచుకునే తలుపు

మా ఊళ్లో కూలీల కోసం కౌన్సిల్ వాళ్లు ఆరు కొత్త ఇళ్లు కట్టించారు. అందులో ఒకటి మాది. ఇటుక గోడలు, పెంకుల కప్పు, మూడు పడకగదులు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ప్లాను గీసిన మహానుభావుడికి కూర్చునే గదిలో ఎండ పడాలట. ఎండ వచ్చేది పొలాల వైపు నుంచి. అందుకని ఇంటి ముఖం పొలాలకు, వీపు రోడ్డుకు తిప్పాడు. వెనకనున్న మరుగుదొడ్డి తలుపు సరిగ్గా చర్చికెళ్లే దారి మీదికి తెరుచుకుంటుంది. అన్నం తినేవాడెవడైనా ఇలా కడతాడా?

మా అత్త కెజియాకు డెబ్బై ఆరేళ్లు. ఊరంతా చూస్తుండగా ఆ దొడ్డికి వెళ్లనని భీష్మించుకుంది. పగలంతా చుక్క టీ ముట్టదు. నెల తిరక్కుండానే మూత్రంలో మంట, జ్వరం. ఇలాగైతే దక్కదన్నాడు డాక్టరు.

"దక్కకపోతే పోయె! ఆ పాలవాడు టోపీ ఎత్తి పలకరిస్తుంటే అందులోకి ఎట్టా పోనే?" అంది.

కౌన్సిల్ గుమాస్తా పెటిఫర్ దగ్గరికి వెళ్లాను.

"దొడ్డి ముందు అడ్డంగా నాలుగు చెక్కలు కొట్టించండి బాబూ."

"ప్లానులో లేదమ్మా. దానికి లండన్‌లో బహుమతి కూడా వచ్చింది, తెలుసా? ముట్టుకున్నారో, ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే."

"తమరి ఇంట్లో దొడ్డి ఎటువైపండీ?"

"నువ్విక వెళ్లు," అన్నాడు, మొహం కందగడ్డలా చేసుకుని.

ఈ ఇల్లు పోతే మళ్లీ మా పాత చెమ్మ కొంపే గతి. నా చిన్నది దగ్గి దగ్గి పోయింది అక్కడే. అయినా ముసలిదాన్ని సిగ్గుతో చంపుకోలేను. శనివారం, మా ఆయన వద్దు వద్దంటున్నా, పొలం వైపు పెట్టిన గేటు ఊడబీకాను. అటునుంచి కుక్క కూడా రాదు, ఆ గేటుకో తెల్లరంగు! దాన్ని దొడ్డి ముందు నిలువునా నిలబెట్టి, గోనెపట్టా చుట్టి, మేకులు కొట్టాను. ఆదివారం చర్చి గంటలు మోగుతుండగా అత్త నింపాదిగా వెళ్లి వచ్చింది. రెండు కప్పులు టీ తాగింది.

సోమవారం పెటిఫర్ ఇల్లు ఖాళీ చెయ్యమనే నోటీసు పట్టుకుని దిగాడు.

"గేటు పీకింది నువ్వేగా?" అంటూ పొలం వైపుకు నడిచాడు. అక్కడ ఆరిళ్లకూ గేట్లు లేవు.

"అందరినీ వెళ్లగొడతారా బాబూ?" అని అడిగింది పక్కింటి డోర్కస్. ఆమె చేతిలో సుత్తి ఇంకా అలాగే ఉంది.